సోయా వేరుకుళ్ళు: ప్లేట్‌లో ముందు పెరిగిన ఫంగసే దోషి అనుకోవచ్చా?

నల్లరేగడి_బోథ్ | ఆగస్టు 29, రాత్రి 9:40
అందరికీ నమస్తే. మాది బోథ్ దగ్గర, ఐదెకరాల సోయా, జేఎస్ 335 రకం, జూన్ ఆఖర్ల వేసినం. నేను ఎమ్మెస్సీ ప్లాంట్ పాథాలజీ (మొక్కల తెగుళ్లు) మొదటి సంవత్సరం, ఇంకా చేతికి పని రాలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్న. జూలైల ముసురు పట్టినప్పుడు వాగు దిక్కు నీళ్లు నిలిచినయ్, మొక్కలు మొదట్ల కుళ్ళి పడిపోయినయ్, అక్కడక్కడ ఖాళీలైనయ్. ఆ తర్వాత పద్దెనిమిది రోజులు చుక్క వాన లేదు. ఇప్పుడు గింజ పట్టే టైముకి మీది దిక్కు, అంటే ఎత్తు మీద రాళ్లున్న పలుచటి నేలల, గుంపులు గుంపులు ఎండుతున్నయ్. నాన్న మందుల షాపుకు పోతే వేరుకుళ్ళు అని కార్బెండజిమ్ ఇచ్చిన్రు, మొదళ్లల్ల పోసినం, పది రోజులైంది ఏం మార్పు లేదు. నేను నాలుగు చచ్చిన మొక్కలు కాలేజీకి పట్టుకపోయి వేరు ముక్కలు పీడీఏ (ఫంగస్ పెంచే ఆలుగడ్డ జెల్లీ) మీద పెట్టిన, నాలుగో రోజుకి అన్ని ప్లేట్లల్ల దూది లెక్క తెల్లగ పెరిగి కింద గులాబీ రంగు వచ్చింది, స్లైడ్ చేస్తే కొడవలి లెక్క స్పోర్లు. ఫ్యుజేరియం అని అందరు అంటున్నరు. మరి నీళ్లు నిలిచిన కాడ, ఎండిన కాడ రెండు దిక్కుల ఒకటే ఫంగస్ ఎట్లయితది? నాన్న యాసంగికి అదే చేన్ల శనగ వేద్దామంటున్నడు. ఆ లోపల తేల్చుకోవాలె.

నిర్మల్_రైతుబిడ్డ | ఆగస్టు 29, రాత్రి 10:15
మా దిక్కు గూడ గిదే కథ తమ్మీ. పోయినేడు రెండెకరాలు పోయింది. ఆకులు రాలుతున్నయా, చెట్టుకే ఉండి ఎండుతున్నయా? మాకైతే ఆకు చెట్టుకే ఏలాడుకుంట ఎండింది, దూరంకెళ్లి చూస్తే పండినట్టే కనవడ్డది, దగ్గరికి పోతే కాయల గింజ లేదు.

నల్లరేగడి_బోథ్ | ఆగస్టు 29, రాత్రి 10:22
అచ్చం అట్లనే అన్నా. ఆకు రాలట్లేదు.

వేరుచూపు | ఆగస్టు 30, ఉదయం 6:50
బాబూ, ముప్పై ఏళ్ళు ఈ పనే చేశాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు. నువ్వు చేసిన పొరపాటు దాదాపు ప్రతి విద్యార్థీ చేసేదే, పూర్తిగా చచ్చిన మొక్క తెచ్చి, బాగా కుళ్ళిన నడిమధ్య ముక్క కోసి ప్లేట్‌లో పెట్టావు. చచ్చిన వేరు మీదికి ఫ్యుజేరియం ఎలాగూ వస్తుంది, అది నేలలో అన్నిచోట్లా ఉండేదే, ఎవరో చంపిపోయిన వేరులో కూడా హాయిగా బతుకుతుంది, పైగా పీడీఏ మీద దాని పెరుగుదల జోరుగా ఉంటుంది. అసలు చంపినవాడు ఆ గుంపులో కనపడకుండా పోతాడు. అలాగని ఫ్యుజేరియం ఎప్పుడూ అమాయకురాలని కాదు, ఫ్యుజేరియం ఆక్సిస్పోరం, సొలాని సోయా వేర్లను నిజంగానే కుళ్ళబెడతాయి. కానీ ప్లేట్‌లో ముందు పెరిగింది కాబట్టి ఇదే అని రాసేస్తే తప్పు.

ముందు ల్యాబ్ పక్కన పెట్టి చేలోకి వెళ్ళు. మొక్కని చేత్తో పీకొద్దు, పీకితే జబ్బున్న వేరు నేలలోనే తెగిపోయి నీ చేతికి మంచి వేరు వస్తుంది. గడ్డపారతో చుట్టూ తవ్వి మట్టిగడ్డతో సహా లేపు, బకెట్ నీళ్ళలో నానబెట్టి మట్టి దానంతటదే వదిలేదాకా ఆగు. చచ్చిన మొక్క, ఇప్పుడిప్పుడే వాడుతున్న మొక్క, దాని పక్కన పచ్చగా ఉన్న మొక్క, మూడూ కావాలి. తల్లివేరు, నేలకి ఆనుకున్న కాండం బ్లేడుతో నిలువుగా చీల్చు. బెరడు గోరుతో ఒలిచి చూడు. కింద బూడిదరంగు తేలి, బొగ్గుపొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలుంటే అది మాక్రోఫోమినా ఫేసియోలినా, ఛార్‌కోల్ రాట్. నేల మట్టానికి ఎర్రగోధుమ రంగులో లోపలికి నొక్కుకుపోయిన గట్టి మచ్చ ఉంటే రైజోక్టోనియా సొలాని. మొదలు చుట్టూ తెల్లటి దారాలు, వాటిమీద ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలుంటే స్క్లెరోషియం రాల్ఫ్‌సై. వేరు పైపొర మెత్తగా ఒలుచుకొచ్చి లోపల దారం ఒక్కటే మిగిలితే పైథియం మీద అనుమానం పెట్టుకో, అది ఎక్కువగా లేత మొక్కల్లో, నీళ్ళు నిలిచినప్పుడు. ఇవన్నీ మొదటి చూపు మాత్రమే, ఒకే వేరులో రెండు మూడు కలిసి కూడా ఉంటాయి.

నీ చేలో పైభాగానికి కారణం ఒకటి, వాగు వైపు ఇంకోటి అని నా అనుమానం. చూసి రాయి.

కామారెడ్డి_కాక | ఆగస్టు 30, ఉదయం 8:05
మేడమ్ గారూ తప్పువట్టకుర్రి, ఏ ఫంగసైతే రైతుకేం ఫరక్ పడతది? అన్నిటికి వేరుకుళ్ళు అనే పేరు, ఏదో మందు పొయ్యాలె, పోతే పోయింది, దక్కితే దక్కింది. గీ సూక్ష్మదర్శిని ముచ్చట్లు కాలేజోళ్లకు బాగుంటయ్.

గుంటూరు_ల్యాబ్ | ఆగస్టు 30, మధ్యాహ్నం 1:30
కాకా, ఫరక్ అక్కడే ఉందండి, డబ్బులు పోయేది కూడా అక్కడే. పైథియం, ఫైటోఫ్తోరా అసలు నిజమైన ఫంగస్‌లే కావు, ఊమైసీట్లు, అంటే నీటి బూజులు, వాటి కణగోడలో సెల్యులోజ్ ఉంటుంది. కార్బెండజిమ్ వాటిని ఏమీ చేయదు, మెటలాక్సిల్ చేస్తుంది. అదే మెటలాక్సిల్ తీసుకెళ్ళి రైజోక్టోనియా మీద పోస్తే నీళ్ళు పోసినట్టే. ఇక ఛార్‌కోల్ రాట్ అయితే ఫంగస్ ఎప్పుడో లేత మొక్కప్పుడే వేరులోకి దూరి కూర్చుంటుంది, పూత దాటాక ఎండ, నీటి ఎద్దడి వచ్చినప్పుడు బయటపడుతుంది, ఆ టైముకి మొదట్లో ఏ మందు పోసినా గింజ తిరిగి రాదు. అప్పుడు పోసే మందు డబ్బుతో వచ్చే పంటకి విత్తనశుద్ధి చేసుకోవచ్చు.

ఇంకో సంగతి, సోయా తర్వాత శనగ వేస్తారు కదా మీ వైపు. శనగలో పొడి వేరుకుళ్ళు అని దేన్నంటారో ఆ ఫంగస్ పేరు పుస్తకాల్లో రైజోక్టోనియా బటాటికోలా అని ఉంటుంది. అది వేరే ఫంగస్ కాదు, మాక్రోఫోమినా ఫేసియోలినానే, స్పోర్లు లేకుండా నల్ల గింజలతో మాత్రమే కనిపించే దశకి పాత పేరు. బటాటికోలా అంటే చిలగడదుంపలో నివాసం ఉండేది అని అర్థం, దాన్ని మొదట ఆ దుంప మీద చూసి పేరు పెట్టారు. పేర్లు రెండు కావడంతో సోయా రిపోర్టులో ఒకటి, శనగ రిపోర్టులో ఇంకోటి చదివి రెండు వేరే జబ్బులనుకుంటారు. ఒకే చేలో ఖరీఫ్‌లో పెంచి పోషించి రబీకి అప్పజెబుతున్నాం.

కామారెడ్డి_కాక | ఆగస్టు 30, మధ్యాహ్నం 2:10
గిది నాకు తెల్వదు. పోయిన యాసంగిల మా శనగ పూతకొచ్చినంక ఎండుడు షురువైంది, పీకితే వేరు కొస పుటుక్కున తెగి భూమిలనే ఉండిపోయింది. గదేనా?

గుంటూరు_ల్యాబ్ | ఆగస్టు 30, మధ్యాహ్నం 2:25
అదే కాకా. పిల్లవేర్లు ఉండవు, తల్లివేరు నల్లబడి పుల్లలా పెళుసుగా విరుగుతుంది. 30 డిగ్రీలు దాటిన వేడి, పొడి నేల దానికి బాగా పడతాయి.

అయోవా_తెలుగు | ఆగస్టు 30, రాత్రి 8:45
నేను ఇక్కడ అయోవాలో సోయా మీదే పని చేస్తున్నాను, మాది ప్రొద్దుటూరు. తమ్ముడూ ఒక్క మాట, గూగుల్‌లో సోయా రూట్ రాట్ ఫోటోలు వెతికితే వచ్చేవి చాలావరకు అమెరికావి, వాటిని చూసి నీ చేను తేల్చొద్దు. ఇక్కడ మమ్మల్ని ఏడిపించేది సడెన్ డెత్ సిండ్రోమ్, ఫ్యుజేరియం విర్గులిఫార్మే వల్ల వస్తుంది. ఫంగస్ వేర్లలోనే ఉంటుంది, ఆకుల్లో దొరకదు, అది వదిలే విషం మాత్రం పైకి ఎక్కి ఆకు ఈనెల మధ్య పసుపు మచ్చలు పడి ఎండుతుంది. గుర్తుపట్టే తేడా ఏంటంటే అందులో ఆకులు రాలిపోయి కాడలు మాత్రం చెట్టుకి మిగులుతాయి. మీ నిర్మల్ అన్న చెప్పినట్టు ఆకు చెట్టుకే వేలాడుతూ ఎండితే ఛార్‌కోల్ వైపు చూడాలి. చల్లగా తడిగా ఉండే వసంతంలో మా దగ్గర సడెన్ డెత్‌కి పునాది పడుతుంది, మీకు వేడి, ఎద్దడి. ఇంకొకటి ఫైటోఫ్తోరా సోజే, ఇక్కడ 1950ల నుంచే పెద్ద తలనొప్పి, నేల మట్టం నుంచి కాండం మీదకి చాక్లెట్ రంగు మచ్చ పాకుతుంది, దానికి ఆర్‌పీఎస్ జీన్లున్న, అంటే ఆ జబ్బుని తట్టుకునే రకాలు వేస్తాం. మీ వాగు వైపు మొక్కల్లో కాండం అలా గోధుమ రంగుకి తిరిగిందా?

నల్లరేగడి_బోథ్ | ఆగస్టు 31, రాత్రి 7:30
పొద్దుగాల నాన్న, నేను ఇద్దరం గడ్డపార పట్టుకొని పోయినం. మీదికెళ్లి పన్నెండు, వాగు దిక్కు పది మొక్కలు లేపినం. మేడమ్, మీరు చెప్పినట్టు మీది మొక్కల బెరడు గోరుతోని ఒలిస్తే కింద వెండి లెక్క బూడిద రంగు, దాని మీద నల్లటి చుక్కలు. నాన్న మసి అంటుకున్నదనుకొని బొటనవేలితోని రుద్దిండు, పోలేదు. చీలిస్తే నడుమ దాంక నల్లగ చారలున్నయ్. పక్కన పచ్చగున్న మొక్క చీలిస్తే దాంట్ల గూడ కింద రెండు అంగుళాల మేర అప్పుడే మొదలైంది, పైకెళ్లి చూస్తే ఏం రోగం లేనట్టే ఉంది. గది చూసి నాన్న సప్పుడు చెయ్యకుండ గట్టు మీద కూసున్నడు.

వాగు దిక్కు వేరే ముచ్చట. పది మొక్కల ఆరింటికి మొదలు చుట్టూ తెల్లటి బూజు, దాంట్ల ఆవాల లెక్క గింజలు, కొన్ని తెల్లగ, కొన్ని గోధుమ రంగు. రెండింటికి నేల మట్టాన ఎర్రటి గుంత మచ్చ. మిగిలిన రెండు బాగనే ఉన్నయ్. అయోవా అన్నా, కాండం మీదికి పాకే మచ్చ ఒక్కదానికి గూడ లేదు. జూలైల చచ్చిన మొక్కలైతే ఇప్పుడు పుల్లలే మిగిలినయ్, వాటిల ఏం దొరుకతది?

వేరుచూపు | ఆగస్టు 31, రాత్రి 8:20
చాలా బాగా చూశారు ఇద్దరూ. పచ్చగా ఉన్న మొక్కని చీల్చడం మానొద్దు, జబ్బు అసలు ఎంత దూరం పోయిందో అదే చెబుతుంది. జూలై పుల్లలు పారేయి, వాటిలో ఇప్పుడు ఏది వచ్చినా జూలై సంగతి చెప్పదు. ఆ చోట మట్టి తీసుకో. కప్పుల్లో నింపి, మందు కలపని సోయా విత్తనం వేసి, మొలిచాక రెండు రోజులు నీళ్ళు నిలబెట్టు. లేత వేర్లు కుళ్ళితే వాటిలోంచి తీయాలి. దీన్ని ఎర వేయడం అంటాం, చేపకి వేసినట్టే.

గుంటూరు_ల్యాబ్ | ఆగస్టు 31, రాత్రి 9:50
ప్లేటింగ్ ఈసారి ఇలా చెయ్ బ్రో. ముక్క ఎక్కడ కోస్తావన్నదే సగం పని. మచ్చ అంచు చూసుకో, సగం బాగున్న భాగం, సగం జబ్బు భాగం వచ్చేట్టు 5 మిల్లీమీటర్ల ముక్కలు. ముందు కుళాయి కింద అరగంట పారే నీళ్ళలో కడుగు, తర్వాత 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఒక నిమిషం, స్టెరైల్ నీళ్ళలో మూడుసార్లు, ఫిల్టర్ పేపర్ మీద పూర్తిగా ఆరబెట్టాలి, తడి ఉంటే బ్యాక్టీరియా లేస్తుంది. పీడీఏలో స్ట్రెప్టోమైసిన్ కలుపు. ఛార్‌కోల్ అనుమానం ఉన్నవాటిని రెండు సెట్లు చేసి ఒకటి 28 డిగ్రీల్లో, ఒకటి 35 లో పెట్టు, 35 లో మాక్రోఫోమినా హుషారుగా పెరుగుతుంది, ఫ్యుజేరియం వెనకబడుతుంది. ఎర వేసిన మొలకలకి మాత్రం హైపోక్లోరైట్ వద్దు, పైథియం చచ్చిపోతుంది, నీళ్ళతో కడిగి పార్ప్ మీడియా మీద పెట్టు, అంటే పిమారిసిన్, ఆంపిసిలిన్, రిఫాంపిసిన్, పీసీఎన్‌బీ కలిపింది, దానిమీద మామూలు ఫంగస్‌లు లేవవు. మీ కాలేజీలో పిమారిసిన్ లేకపోతే గైడ్‌ని అడుగు, కొంచెం ఖరీదు.

రోజూ చూడు, ఐదో రోజు తెరిచి చూస్తే కుదరదు. రెండో రోజు ఏ ముక్క నుంచి ఏది బయటికి వస్తోందో చూసి, ఆ దారం కొస ఒక్కటే కోసి కొత్త ప్లేట్‌కి మార్చాలి. ఎన్ని ముక్కలు పెట్టావు, ఎన్నిట్లో ఏది వచ్చింది, నోట్‌బుక్‌లో రాసుకో.

నల్లరేగడి_బోథ్ | సెప్టెంబర్ 9, రాత్రి 10:05
లేటైంది, మాఫ్ చేయుర్రి, ఇంటర్నల్స్ ఉండె. మీది మొక్కలవి ఇరవై ముక్కలు 35 డిగ్రీలల్ల పెడితే పదిహేనింట్ల బూడిద రంగు వచ్చి నాలుగో రోజుకి ప్లేట్ అడుగు మొత్తం నల్లబడ్డది. మైక్రోస్కోప్ కింద గుండ్రంగ, వంకరటింకర నల్ల గింజలు, కొలిస్తే 60 నుంచి 120 మైక్రాన్లు. 28 ల పెట్టిన ఇరవైల మాక్రోఫోమినా పదకొండు, ఫ్యుజేరియం ఏడు, రెండింట్ల ఏం రాలె. అంటే నా పాత ప్లేట్లల్ల గూడ ఇది ఉండే ఉంటది, నేనే గుర్తువట్టలె.

వాగు దిక్కు తెల్లగ విసనకర్ర లెక్క పెరిగి వారానికి గింజలు కట్టినయ్, స్క్లెరోషియమే. ఎర్ర మచ్చల కాడ దారాలు కొమ్మ చీలే కాడ నిలువుగ తొంభై డిగ్రీలు, చీలిన కాడ సన్నగ నొక్కినట్టు, కొంచెం ముందట అడ్డగోడ, స్పోర్లు అస్సల్లేవు. రైజోక్టోనియా సొలానినే కదా? మాక్రోఫోమినాల గూడ దారాలు అట్లనే చీలుతున్నయ్ అందుకే అడుగుతున్న.

ఎర వేసిన పది కప్పులల్ల నాలుగింట్ల మొలకలు కుళ్ళినయ్, అడ్డగోడలు లేని దారాలొచ్చినయ్, గుండ్రటి ఊస్పోర్లు (ఊమైసీట్ల మందపాటి గోడ స్పోర్లు) కనవడ్డయ్.

వేరుచూపు | సెప్టెంబర్ 10, ఉదయం 6:30
అలా చీలడం చూసే దానికీ రైజోక్టోనియా అని పాత పేరు పెట్టారు, నీ సందేహం సబబే. మాక్రోఫోమినా ప్లేట్ నల్లబడి విడివిడి గింజలతో నిండుతుంది, సొలాని గోధుమ రంగులోనే ఉండి ఎగుడుదిగుడు ముద్దలు కడుతుంది. కప్పుల్లో వచ్చింది పైథియమే అయ్యుండాలి. అది నీ నేలలో ఉందని తేలింది, జూలైలో చంపింది అదేనని మాత్రం రాయకు, జూలైలో మనం చూడలేదు.

ఇంకో మెట్టు ఉంది. నీ ఫంగస్‌ని బాగున్న మొక్కకి ఎక్కించి, అదే జబ్బు వచ్చి, అందులోంచి మళ్ళీ అదే ఫంగస్ తీస్తేనే కాక్ సూత్రాలు నెరవేరినట్టు. మాక్రోఫోమినాకి త్వరగా తేలాలంటే పేపర్ పద్ధతి, మొలకల వేర్లు ఫంగస్ ద్రవంలో ముంచి తడి బ్లాటర్ కాగితంలో మడిచి 35 డిగ్రీల్లో పెడితే వారంలో తెలిసిపోతుంది. శనగ మొలకల మీద కూడా చెయ్. మీ నాన్నగారికి చూపించడానికి అంతకంటే మంచి రుజువు ఉండదు. ఆ ఏడు ఫ్యుజేరియంలని కూడా వదిలిపెట్టకుండా పక్కన అదే పరీక్ష పెట్టు.

అయోవా_తెలుగు | సెప్టెంబర్ 10, రాత్రి 9:15
ఫ్యుజేరియంలకి డీఎన్ఏ చేయిస్తే ఐటీఎస్ (ఫంగస్ పేరు తేల్చడానికి మామూలుగా చదివే డీఎన్ఏ ముక్క) ఒక్కటే చేయించి ఆగిపోవద్దు. ఐటీఎస్ మిగతా ఫంగస్‌లకి బానే పనికొస్తుంది గానీ ఫ్యుజేరియంలో దగ్గరి జాతుల్ని విడదీయలేదు, బ్లాస్ట్‌లో (డీఎన్ఏ పోల్చి చూసే ఆన్‌లైన్ సాధనం) పెడితే పది పేర్లు ఒకే శాతంతో వస్తాయి, పైన ఉన్న పేరు రాసేసుకుంటారు. టీఈఎఫ్ అనే ఇంకో జీన్ చేయించి ఫ్యుజేరియం ఐడీ డేటాబేస్‌తో పోల్చు.

నల్లరేగడి_బోథ్ | సెప్టెంబర్ 24, రాత్రి 9:00
పేపర్ పరీక్ష అయింది. మాక్రోఫోమినా పెట్టిన సోయా మొలకల వేర్లు వారంల నల్లబడ్డయ్, శనగవి ఐదో రోజుకే. ఫ్యుజేరియం ఏడింట్ల ఒక్కటే కొంచెం గోధుమ రంగు తెచ్చింది, మిగిలిన ఆరు ఏం చెయ్యలె. శనగ వేర్లు కాగితంతోనే నాన్న ముందట పెట్టిన. చాలాసేపు చూసి, మరి మీది ఎకరంనరల ఏం వేస్తమన్నడు. జొన్న వేద్దామంటే అది జొన్నకూ వస్తదట గదా?

గుంటూరు_ల్యాబ్ | సెప్టెంబర్ 24, రాత్రి 9:40
వస్తుంది, మొక్కజొన్నకీ వస్తుంది, 500 పైగా మొక్కల్లో బతుకుతుంది అది. పంట మార్పిడి ఒక్కదానితో తప్పించుకోలేం. ఆ గింజలు పొడి నేలలో ఏళ్ళ తరబడి ఉంటాయి, తడి ఎక్కువ కాలం ఉన్న నేలలో త్వరగా చస్తాయి. అందుకే తేమ నిలిచే నేలా, కాదా అన్నదే చూసుకోవాలి. పైన పలుచటి నేలలో శనగ వద్దు. వాగు వైపు శనగ వేసినా స్క్లెరోషియం మొదలు కుళ్ళబెడుతుంది, సోయా చెత్త అంతా ఏరేసి లోతుగా దున్ని ఎండనివ్వండి. మధ్యలో జబ్బు లేని నల్లరేగడి ఉంది కదా, అక్కడ వేసుకోండి.

నిర్మల్_రైతుబిడ్డ | సెప్టెంబర్ 25, ఉదయం 7:10
తమ్మీ 2 కిలోల ట్రైకోడెర్మా (రోగం ఫంగస్‌లను అణిచే మేలు ఫంగస్), 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి చెట్టు నీడకు కుప్ప వెయ్, గోనె సంచి కప్పి నీళ్లు చిలకరించు. వారం పదిరోజులకు తెల్లగ బూజు పడతది, అప్పుడు ఎకరానికి చల్లు. తడి ఉన్నప్పుడే చల్లాలె, ఎండిన భూమిల చల్లితే వట్టిదే.

నల్లరేగడి_బోథ్ | నవంబర్ 18, రాత్రి 8:30
అందరికి చెప్పాలని వచ్చిన. మీది ఎకరంనర పడావు పెట్టినం, వాగు దిక్కు దున్ని వదిలేసినం. నడుమ రెండున్నర ఎకరాలల్ల శనగ, కుప్ప వేసిన ఎరువు చల్లి, విత్తనానికి గూడ ట్రైకోడెర్మా పట్టించి వేసినం. మొలిచి ఇరవై ఆరు రోజులు. ఇయ్యాల ఒక సాలుల ఐదు మొక్కలు వాడిపోయి తలలు వేలేసినయ్. నాన్నే గడ్డపార తీసుకపోయి లేపి, నీళ్లల్ల కడిగి, నన్ను బ్లేడు అడిగిండు. మొదట్ల తెల్ల బూజు లేదు, ఆవగింజలు లేవు, వేరు బయటికి శుభ్రంగ ఉంది, పిల్లవేర్లున్నయ్, పీకితే విరగలె. చీలిస్తే లోపల నడుమ గోధుమ రంగు గీత ఒకటి కాండం దాంక పోయింది. నల్ల చుక్కలైతే ఎక్కడ లేవు.

వేరుచూపు | నవంబర్ 18, రాత్రి 9:05
ఈసారి మాత్రం ఫ్యుజేరియమే కావచ్చు బాబూ, శనగలో ఎండు తెగులు ఇలాగే ఉంటుంది, బయట కుళ్ళు లేకుండా లోపలి నాళాలు రంగు మారతాయి. చచ్చినవి కాకుండా ఇప్పుడిప్పుడే వాడుతున్న మొక్క తీసి, ఆ గీత చివర, రంగు ఆగిన చోట ముక్క కోసి 28 డిగ్రీల్లో పెట్టు. విత్తనం ఏది వేశారు, జేజీ 11 రకం కొన్నారా, ఇంట్లో దాచుకున్న పాత విత్తనమా?

నల్లరేగడి_బోథ్ | నవంబర్ 18, రాత్రి 9:12
ఇంటిదే మేడమ్, ఏ రకమో నాన్నకు గూడ తెల్వదు. రేపు పొద్దుగాలనే కోస్త.